ఇరవై మైళ్ళ రివర్సు

ఆ సోమవారం ఉదయం శౌరయ్య వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. ఆరున్నరకు ఉయ్యూరులో బయలుదేరడం, ఎనిమిదికల్లా బెజవాడ గవర్నర్‌పేటలో తనకు పికప్పు అమ్మిన డీలరు షెడ్డుకు చేరడం, గేరుబాక్సు సంగతి తేల్చుకోవడం, అట్నుంచటే భార్య అమలమ్మను గుణదల మాత తిరునాళ్ళకు తీసుకెళ్ళి పూజ చూసుకుని పొద్దుగూకేలోగా ఇల్లు చేరడం. ఇందులో తేల్చుకోవడం అన్న ముక్క ఒక్కటే కాస్త బరువైనది.

శౌరయ్య మిలటరీలో పదిహేడేళ్ళు లారీ తోలినవాడు. మంచులో తోలాడు, ఇసుకలో తోలాడు, ఒకసారి వంతెన కూలిన ఏటి మీద పడవలు పేర్చి పలకలు పరిస్తే వాటి మీదుగా కూడా తోలాడు. పింఛను తీసుకుని వచ్చాక ఈ పికప్పు కొని, చుట్టుపక్కల తోటల్లోని అరటి గెలలు బెజవాడ మార్కెట్టుకు చేరవేస్తూ బతుకుతున్నాడు. నిరుడు గేరుబాక్సు మూలుగుతుంటే డీలరు గ్యారంటీ కింద దాన్ని తీసేసి కొత్తది బిగించాడు. పాతది మూలిగేది గానీ పనిచేసేది. కొత్తది మూలగదు, పనీ చెయ్యదు. మూడో గేరు వేసి చెయ్యి తీస్తే చాలు, రాడ్డు టక్కున వెనక్కి వచ్చేసేది. అమలమ్మ పక్కన కూర్చుని రెండు చేతులతో రాడ్డును అదిమి పట్టుకుంటే తప్ప బండి కంకిపాడు దాటేది కాదు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడ భర్తకు ఇంత దగ్గరగా కూర్చుని ప్రయాణం చేసింది ఈ గేరుబాక్సు పుణ్యమానే.

నాలుగుసార్లు షెడ్డుకు తీసుకెళ్ళాడు. నాలుగుసార్లూ ఫోర్‌మన్ మరియదాసు బండెక్కి ఆవరణలో ఒక చుట్టు తిప్పి దిగాడు. ఆ ఒక్క చుట్టులో మాత్రం గేర్లన్నీ వెన్నలోకి దిగినట్టు దిగేవి. నాలుగోసారి మేనేజరు రామకోటేశ్వరరావు గారు, బండికున్న లోపమూ చేసిన మరమ్మతూ రాసే జాబ్ కార్డు మీద ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి సంతకం చేసి ఇచ్చారు. బండిలో లోపం లేదు, డ్రైవరుకు గేర్లు మార్చడం రాదు అని దాని సారాంశం. ఆయన చాలా మర్యాదస్తుడు. ఎదుటివాణ్ని ఎంత మాట అన్నా చివర 'గారు' తగిలించడం మరిచిపోరు.

ఆ కార్డు చేతికి వచ్చిన దగ్గర్నుంచీ శౌరయ్యకు అన్నం సయించడం లేదు. బాక్సు లేకపోతే గెలలు మొయ్యడం కుదరదు, అది నిజమే. కానీ ఆ వాక్యం అలాగే ఉండిపోతే తను పదిహేడేళ్ళు చేసిందేమిటో తనకే అర్థం కాదు. గ్యారంటీ గడువు ఫిబ్రవరి పదో తేదీ సాయంత్రం ఐదుగంటలతో సరి. ఆలోపల బండిని షెడ్డులో నిలబెట్టి, ఆ వాక్యాన్ని రాసినవాళ్ళ చేత్తోనే కొట్టేయించి, బాక్సు మార్పించాలి. ఆ సోమవారమే పదో తేదీ.

"ఇవాళ ఆ మాట కొట్టేయించకపోతే నేను మళ్ళీ స్టీరింగు ముట్టుకోను," అన్నాడు పికప్పు ఎక్కుతూ.

ముట్టుకోకపోతే తినేదేమిటని అమలమ్మ అడగలేదు. తిరునాళ్ళ బస్సులు బోలెడున్నాయి, వాటిలో పోదామని మాత్రం ఒకసారి అని చూసింది. శౌరయ్య ఆ మాట వినలేదు. ఇంజను స్టార్టు చేసి ఫస్టు గేరు వేశాడు. పడలేదు. సెకండు వేశాడు. పడలేదు. మూడూ నాలుగూ కూడా అంతే. రాడ్డు పులుసులో గరిటెలా ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. ఆఖరికి రివర్సు వేసి చూస్తే అది మాత్రం గట్టిగా పడి, బండి వెనక్కి కదిలి కోళ్ళ గూటిని పక్కకు జరిపింది.

ఎదురింటివాళ్ళు ట్రాక్టరు తెచ్చి తాడు కట్టి లాగుతామన్నారు. శౌరయ్య జేబులోంచి గ్యారంటీ కాగితం తీశాడు. బండి తన శక్తితో తనే షెడ్డుకు రావాలని, తాడు కట్టి లాగినా, మనుషులు తోసినా గ్యారంటీ చెల్లదని అందులో ఉంది. రామకోటేశ్వరరావు గారు ఆ షరతును వేలు పెట్టి మరీ చదివి వినిపించి ఉన్నారు. శౌరయ్య దాన్ని మళ్ళీ ఒకసారి మొదట్నుంచి చివరిదాకా చదివాడు.

"తన శక్తితో రావాలని రాశారు. మూతి ముందుండాలని ఎక్కడా రాయలేదు," అన్నాడు.

పంతం పట్టిన మనిషితో వాదించడం కంటే బండెక్కడమే సులువని అమలమ్మకు తెలుసు. రేడియేటరు కోసం బిందె నిండా నీళ్ళు, చద్దన్నం క్యారియరు, జపమాల తెచ్చుకుని, వెనకున్న సరుకుల తొట్టెలో పీట వేసుకుని, బండి పోయే దిక్కుకు మొహం పెట్టి కూర్చుంది. రోడ్డు చూసి ఎడమో కుడో చెప్పడం ఆవిడ పని. భయం వేసినప్పుడల్లా జపమాల తిప్పుకోవడం సొంత పని. ఆ విధంగా పికప్పు బందరు రోడ్డెక్కి, మనిషి నడకతో సమానంగా, బెజవాడకు వీపు ముందు పెట్టి బయలుదేరింది.

మైలు దాటిందో లేదో చల్లపల్లి నుంచి నడిచి వస్తున్న గుణదల యాత్రికులు కలిశారు. ఇరవై మంది ఆడవాళ్ళు, చేతుల్లో కొవ్వొత్తులు, నెత్తిన మూటలు. వాళ్ళకు పెద్దదిక్కు తెరేసమ్మ అనే అరవై ఏళ్ళ ఆవిడ. తొట్టెలో జపమాలతో అమలమ్మ, వెనక్కి నడుస్తున్న బండి, మెడ తిప్పి వెనక్కే చూస్తున్న శౌరయ్య, ఇవన్నీ చూసి ఆవిడ కాసేపు పక్కనే నడిచింది.

"ఇట్టా ఎందాకా, తమ్ముడూ?" అని అడిగింది.

"బెజవాడ దాకా, అక్కా. సాయంత్రం ఐదులోపల చేరాలి."

"మధ్యలో తిప్పుకోకూడదా?"

"కుదరదు. ఎవరూ లాక్కూడదు, తొయ్యకూడదు కూడా. మాట అట్టా ఉంది."

తెరేసమ్మకు సంగతి అర్థమైపోయింది. మోకాళ్ళ మీద కొండెక్కేవాళ్ళను చూసింది, పొర్లుదండాలు పెట్టేవాళ్ళను చూసింది, వెనక్కి తిరిగి ఇరవై మైళ్ళు బండి తోలే మొక్కును మాత్రం ఇదే చూడటం. వెనక్కి తిరిగి తనవాళ్ళకు సంగతి చెప్పింది. వాళ్ళు మరియమాత పాట ఎత్తుకున్నారు. ఇది మొక్కు కాదు, గేరుబాక్సు అని శౌరయ్య కిటికీలోంచి మొత్తుకున్నాడు. మొక్కుకున్నది పైకి చెప్పుకోకూడదుగదా అని వాళ్ళలో వాళ్ళు అనుకుని, ఆయన నిగర్వానికి మెచ్చుకుని, మూటలు తీసి తొట్టెలో పెట్టారు.

కంకిపాడు వచ్చేసరికి ఇరవై మంది నూటయాభై అయ్యారు. పికప్పు కంటే కబురు ముందుగా నడుస్తోంది. పద్మావతమ్మ అనే కమతాల ఇంటి పెద్దావిడ, గుణదల తల్లికి ఏటా కొబ్బరికాయ కొట్టే అలవాటున్న మనిషి, పళ్ళెంలో హారతితో వాకిట్లో ఎదురుచూస్తోంది. బండికి ముందేదో వెనకేదో ఆవిడకు సందేహం వచ్చింది. పోతున్న వైపే ముందని తేల్చుకుని వెనక తలుపుకు బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టింది. అమలమ్మకు కూడా బొట్టు పెట్టబోయి, జపమాల చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. శౌరయ్య కిందికి దిగి అందరికీ అసలు విషయం మళ్ళీ చెప్పాడు. రేడియేటరులోంచి ఆవిరి వస్తుంటే ఆయన మాట వినేదెవరు. ఆడవాళ్ళు బందరు కాలవ నుంచి ఆయన బండి దాకా వరసగా నిలబడి బిందెలందించారు. బండి చల్లారింది. ఆయన మాత్రం చల్లారలేదు.

మెడ పట్టేసింది. నడుం పట్టేసింది. పెనమలూరు దగ్గర ఒకసారి, తన కోసం కాకపోతే ఆవిడ కోసమన్నా బస్సెక్కుదామా అని అమలమ్మ వంక చూశాడు. ఆవిడ ఎండకు కొంగు కప్పుకుని, "ఎడమకి కొట్టండి, గొయ్యుంది," అంది. శౌరయ్యకు కళ్ళు చెమర్చాయి. ఎడమకి కొట్టాడు.

పటమట దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. ఊరంతా వెనక్కి తోలుకొస్తారా అని గద్దించాడు.

"బండి మొహం ఎటున్నా నేను పోతున్నది రోడ్డుకు ఎడమవైపే. కాదని ఏ పుస్తకంలో రాసుందో చూపించండి, ఇక్కడే ఆపేస్తా," అన్నాడు శౌరయ్య.

కానిస్టేబులు పుస్తకం గురించి ఆలోచిస్తూ బండి వెనక, అంటే ముందర, వస్తున్న మూడొందల మందినీ చూశాడు. టోపీ సర్దుకుని తనే ఈల ఊదుతూ దారి చేశాడు. గుణదలకు తిరగాల్సిన చోట శౌరయ్య తిరగకుండా నేరుగా పోతుంటే తెరేసమ్మకు అనుమానం వచ్చింది. ముందు గవర్నర్‌పేటలో ఒకాయనతో తేల్చుకోవాలని, ఆ తర్వాతే తల్లి దగ్గరికని ఆయన చెప్పాడు. పగవాడితో సమాధానపడి గుడికి రమ్మని ఫాదర్ గారు ఎప్పుడూ చెప్పేదే గదా అని జనమంతా వెంట నడిచారు.

ఐదుకు పావుగంట తక్కువలో పికప్పు దండతో, పాటలతో, వెనక తలుపు ముందుగా డీలరు షెడ్డులోకి ప్రవేశించింది. రామకోటేశ్వరరావు గారు కళ్ళజోడు తుడుచుకుని బయటికి వచ్చారు. శౌరయ్య దిగి, వంకరపోయిన మెడతోనే గ్యారంటీ కాగితం చూపించాడు. బండి తన శక్తితో తనే వచ్చిందని, ముందు గేర్లు నాలుగింటిలో ఒక్కటీ పడటం లేదని, కావాలంటే చూసుకోమని చెప్పాడు.

మరియదాసు ఎక్కాడు. క్లచ్చి తొక్కి రాడ్డును ఫస్టులోకి నెట్టాడు. అది పడింది. బండి ముందుకు కదిలింది. సెకండు పడింది, మూడోది పడింది. పొద్దుటినుంచి వేడెక్కి లోపల ఇరుక్కున్నదేదో వదులైంది కాబోలు. మరియదాసు ఆవరణలో ఒక చుట్టు తిప్పి తెచ్చి ఆపాడు.

సరిగ్గా ఐదోసారి, అదీ మూడొందల మంది ఎదట, ఆ బాక్సు శౌరయ్య పరువు తీసింది. జనానికి మాత్రం మరొకటి కనబడింది. తెరేసమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ వెనక అందరూ కూర్చున్నారు. డ్రైవరు సీట్లో ఉన్న మరియదాసు కూడా గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు.

"అద్భుతం లేదు, ఏమీ లేదు. అది దొంగ బాక్సు. రేపు పొద్దున మళ్ళీ చెడుతుంది," అన్నాడు శౌరయ్య.

అలా అనకూడదని నలుగురూ ఆయన్ను సముదాయించారు. రామకోటేశ్వరరావు గారికి దారి దొరికింది. చెప్పులు విడిచి, చేతులు జోడించి ముందుకొచ్చారు.

"శౌరయ్య గారూ, మా వల్ల కానిది తల్లి చేసిందండీ. బాగుచేసింది సాక్షాత్తూ ఆవిడ. ఇంక బాక్సు మార్చడమంటే ఆవిణ్ని తక్కువ చెయ్యడం కాదుటండీ?"

నిజమే అన్నారు జనం. గోడ గడియారం ఐదుకు పది నిమిషాలు చూపిస్తోంది. అప్పుడు తొట్టెలోంచి అమలమ్మ మాట్లాడింది. బండెక్కిన దగ్గర్నుంచీ ఎడమా కుడీ తప్ప ఆవిడ అన్న మొదటి మాట అదే.

"బాగున్నదాన్ని తల్లి ఎందుకు బాగుచేస్తుందండీ?"

జనం మేనేజరు గారి వంక తిరిగారు. బాక్సు చెడలేదంటే అద్భుతం జరగలేదని మూడొందల మందికి మేనేజరు గారే చెప్పాలి. అద్భుతం జరిగిందంటే బాక్సు చెడిపోయి ఉండాలి. శౌరయ్య జేబులోంచి పాత జాబ్ కార్డు తీసి ఆయన ముందు పెట్టాడు.

"అది కొట్టేసి, ఇది రాయండి," అన్నాడు.

రామకోటేశ్వరరావు గారు జనాన్ని చూశారు, గేటును చూశారు, కలం తీశారు. డ్రైవరుకు గేర్లు మార్చడం రాదన్న వాక్యాన్ని కొట్టేసి సంతకం చేశారు. కొత్త కార్డులో లోపం అన్నచోట గేరుబాక్సు, ముందు గేర్లు పడలేదు అని రాశారు. మరమ్మతు చేసినవారు అన్నచోట ఏం రాశారో చదవమని తెరేసమ్మ అడిగింది. ఖాళీగా వదిలినందుకు జనంలో గొణుగుడు బయలుదేరింది. ఆయన ఆ గడిలో మరియమాత, గుణదల అని నింపారు.

"లోపముందని రాశారు. గ్యారంటీ ఇంకా నాలుగు నిమిషాలుంది. కొత్త బాక్సు వెయ్యండి," అన్నాడు శౌరయ్య.

"తల్లి ముట్టిన బాక్సు తీసేస్తారాండీ?"

"ఇది మీరే అద్దాల్లో పెట్టుకుని కొవ్వొత్తులు వెలిగించుకోండి. తల్లి ముట్టిందని మీరే అన్నారు గదా, దీంతో అరటి గెలలు మోయిస్తే బాగోదు. నాకు మామూలుది చాలు."

అది కూడా నిజమే అన్నారు జనం. మర్నాడు సాయంత్రానికి కొత్త బాక్సు బిగించారు. శౌరయ్య దంపతులు అందాకా గుణదలలోనే ఉండి, పూజ చూసుకుని, నాలుగు గేర్లూ వేసుకుంటూ ఊరికి తిరిగొచ్చారు. అమలమ్మ ఒక్కసారి కూడా రాడ్డు పట్టుకోవలసిన అవసరం రాలేదు. అయినా ఆవిడ అవతలికి జరగలేదు.

నెల తర్వాత రామకోటేశ్వరరావు గారి నుంచి దయచేసి ఒకసారి రమ్మని కబురొచ్చింది. శౌరయ్య వెళ్ళేసరికి ఆయన బల్ల మీద కంపెనీ పెద్దాఫీసు ఉత్తరం ఉంది. బండిని గుణదలకు చెందిన మరియమాత అనే వ్యక్తి మరమ్మతు చేసినట్టు తమ కార్డు వల్ల తెలుస్తున్నదని, సదరు వ్యక్తి కంపెనీ అనుమతి పొందిన మెకానిక్కు కాదని, బయటివారు చెయ్యి పెట్టిన బాక్సుకు గ్యారంటీ చెల్లదని, కనుక కొత్త బాక్సు ఖర్చు డీలరే భరించాలని అందులో ఉంది. ఆవేళ అద్భుతమేమీ జరగలేదని శౌరయ్య గారు ఒక్క ముక్క రాసిచ్చి పుణ్యం కట్టుకోవాలని మేనేజరు గారు బతిమాలారు.

"ఆ మాట ఆవేళే అందరి ముందూ చెప్పానండీ. చెప్పులు విడిచి మరీ కాదన్నది మీరు," అన్నాడు శౌరయ్య.

రామకోటేశ్వరరావు గారు కలం తీసి, మెకానిక్కుల అనుమతికి దరఖాస్తు ఫారం ఒకటి వెంటనే పంపవలసిందిగా కంపెనీకి మర్యాదగా ఉత్తరం రాశారు.