తీసివేతలో మిగిలిన టోకెన్

ఆ ఆదివారం పొద్దున సంధ్యారాణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పిల్లలకు తీసివేతలు రావాలి, పన్నెండింటికల్లా కోడికూర దిగాలి.

రెండో తరగతి పిల్లలు ఈ టర్ములో నేర్చుకునేవేమిటో బడి మీటింగులో టీచరు చెప్పింది. వంద దాకా సంఖ్యలు, కూడికలు, తీసివేతలు, చుట్టుపక్కల చెట్లు, వాటి ఆకులు. ఇంట్లో కూర్చోబెట్టి రాయించవద్దనీ, ఇంటి పనుల్లోనే లెక్క కనిపించేటట్టు చూడమనీ కూడా చెప్పింది. తల్లులందరూ బుద్ధిగా తలలూపి, బయటికొచ్చి ట్యూషన్ ఎక్కడుందో వాకబు చేసుకున్నారు. సంధ్యారాణి మాత్రం డిగ్రీలో లెక్కలు చదివిన మనిషి. గ్యాస్ బండ ఎప్పుడు అయిపోతుందో అంచనా కట్టడానికి తప్ప ఆ డిగ్రీ ఇన్నాళ్ళూ దేనికీ అక్కరకు రాలేదు. అందుకని తన కూతురు మమతతోపాటు తమ క్వార్టర్ల వరసలోని పిల్లలందరినీ వరండాలో పోగేసింది.

ఆఫీసర్ల క్వార్టర్ల నుంచి లలితాంబ గారు కూడా మనవడు నానిని తీసుకొచ్చి దింపింది. కోస్తా నుంచి ఈ బొగ్గుగని సెంటినరీ కాలనీకి వచ్చి ఎన్నేళ్ళయినా ఆవిడ ఈ వరసలోకి రావడం అదే మొదలు.

"నీ మీద నమ్మకంతో వదులుతున్నానమ్మాయ్. వాడి కాలు ఒకచోట నిలవదు," అని చెప్పి మరీ వెళ్ళింది.

సంధ్యారాణి భర్త వేణుమాధవ్‌కు గని ల్యాంప్ రూంలో డ్యూటీ. లోపలికి దిగేవాడు తన టోకెన్ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి టోకెన్ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక బోర్డు మీద టోకెన్ మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నాడని లెక్క. ఇంతకన్నా మంచి తీసివేత ఏ పుస్తకంలో ఉంటుందనుకుంది సంధ్యారాణి. అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించి, పిల్లల పేర్లు రాసి, గోడకు మేకుల చెక్క కొట్టించింది. మైదానానికి ఆకులు ఏరడానికి పోయేవాళ్ళు టోకెన్ తగిలించి పోవాలి, వచ్చి తీసుకోవాలి. ఎందరు పోయారు, ఎందరు వచ్చారు, ఇంకా రావలసింది ఎందరు?

తన డ్యూటీ పాఠంలోకి ఎక్కినందుకు వేణుమాధవ్ ఉబ్బిపోయి, తనిఖీకొచ్చిన అధికారిలా చేతులు వెనక్కి కట్టుకుని బోర్డు పక్కన నిలబడ్డాడు.

పిల్లలు గుప్పెళ్ళ నిండా ఆకులతో వచ్చారు. టోకెన్లు తీసుకున్నారు. ఒకటి మిగిలింది. దాని మీద నాని పేరుంది.

మమతను అడిగితే, నాని తమతోనే ఉన్నాడనీ, తర్వాత లేడనీ చెప్పింది. మైదానం అవతల గని మట్టిగుట్ట, గుట్ట వెనక వాననీళ్ళు నిండిన గుంత.

సంధ్యారాణి ముందు గిన్నె పట్టుకుని లలితాంబ ఇంటికి పరిగెత్తింది. తోడుకు పెరుగు కావాలంటూ తలుపు సందులోంచి ఇల్లంతా కళ్ళతో వెతికింది. నాని లేడు.

"మావాడు అల్లరి చెయ్యట్లేదుగా?" అంది లలితాంబ పెరుగు వేస్తూ.

"ఇప్పుడైతే అస్సలు చప్పుడే లేదాంటీ," అంది సంధ్యారాణి. అబద్ధం ఆడలేదు, అదే భయం.

ఇంటికి రాగానే అత్త సారవ్వ మంచం మీది నుంచే అడిగింది. "పిలగాని ఇంటికాడ అడిగినవా, బిడ్డా?"

"అడిగిన."

"ఏమడిగినవ్?"

"పెరుగు."

వేణుమాధవ్ అప్పటికే ఫోను తీశాడు. "టోకెన్ ఉన్నదంటే మనిషి రానట్టే. ఇగ ఫికర్ చేసుకుంట కూసుంటే కాదు, పిలగాన్ని దేవులాడాలె," అని తనతో గనిలో పనిచేసే సదయ్యను, ఆగయ్యను పిలిచాడు. గుట్ట వెనక ముళ్ళూ పాములూ ఉంటాయని వాళ్ళు గంబూట్లు తొడుక్కుని, హెల్మెట్లు పెట్టుకుని, మోకు భుజాన వేసుకుని ఉరికారు.

సెలవురోజు హెల్మెట్లతో మోకు పట్టుకుని మగవాళ్ళు పరిగెడుతుంటే ఈ కాలనీలో ఎవరూ కారణం అడగరు. గనిలో ప్రమాదమనుకుని ముందు గని గేటుకు పోతారు, తర్వాత అడుగుతారు. ఆ రోజు డ్యూటీ పడ్డవాళ్ళ భార్యలు ముందు ఉరికారు. వాళ్ళను చూసి తల్లులు, తల్లులను చూసి పక్క వరసవాళ్ళు. గేటు దగ్గర జనం తోసుకుంటుంటే కావలివాళ్ళు పై అధికారికి ఫోను కొట్టారు. ఆ అధికారి లలితాంబ భర్త, ఇంజినీరు కామరాజు.

ఇక్కడ గుట్ట వెనక గుంతలో సదయ్య నడుము లోతు నీళ్ళలో దిగి చేతులతో కెలికి కెలికి, ఒక వస్తువు పైకెత్తాడు. చిన్న చెప్పు.

వాళ్ళ వెనకే వచ్చి గట్టు మీద నిలబడ్డ సంధ్యారాణి ఆ చెప్పు తీసుకుంది. చెప్పవలసింది తనే. లలితాంబ ఇంటికి వెళితే తాళం. ఆవిడా గేటుకే పోయిందన్నారు. దారి పొడవునా మొదటి మాట ఏమనాలో వెతుక్కుంటూ, దొరకకుండానే గేటు చేరింది.

"ఆంటీ," అంది. తడిచెప్పు చాపింది.

లలితాంబ దాన్ని తిప్పి చూసింది. "ఎవరిదమ్మాయ్ ఇది?"

అప్పుడే కామరాజు లోపలి నుంచి వచ్చి, గనిలోకి దిగినవాళ్ళందరికీ లెక్క సరిపోయిందనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ గట్టిగా చెప్పాడు. ఆయన పక్కన, మెడకు మంగలి గుడ్డతో, ఒకవైపు జుట్టు నున్నగా ఇంకోవైపు గుబురుగా, రెండు కాళ్ళకూ రెండు చెప్పులతో నాని నిలబడి ఉన్నాడు.

"ఆంటీ, ఎవరో కనిపించట్లేదంట. నేను కూడా వెతకనా?" అన్నాడు ఉత్సాహంగా.

సంధ్యారాణి వాడి కాళ్ళకున్న చెప్పులు రెండుసార్లు లెక్కపెట్టింది.

మైదానంలో మనవడు కనబడితే కామరాజు స్కూటరెక్కించుకుని కటింగ్‌కు తీసుకుపోయాడట. సగంలో ఉండగా గేటు నుంచి ఫోను వచ్చిందట.

"ఎవరికి చెప్పి తీసుకెళ్ళారు?" అంది లలితాంబ. గేటు దగ్గర అందరికీ లెక్క చెప్పిన ఇంజినీరు గారు, మిగిలిన సగం కటింగ్ చేయించాలంటూ స్కూటర్ దగ్గరికి నడిచారు.

ఇక తన వరండాకు పిల్లలు రారని సంధ్యారాణి ఖాయం చేసుకుంది. మరుసటి ఆదివారం మేకులు పీకుతుండగా లలితాంబ నానితో వచ్చింది. వెనక పక్క వరస పిల్లలు, వాళ్ళ వెనక ఆ పక్క వరసవాళ్ళు.

"మావాడు కనబడకపోతే వాళ్ళ తాతకు తెలియదు, నాకూ తెలియదు. నీకు మాత్రం తెలిసింది," అంది లలితాంబ. "చోటుందా?"

వచ్చే నెల గుణకారాలని టీచరు మెసేజ్ పెట్టింది. వేణుమాధవ్ ఆ నెలలో ఒక్క ఆదివారం కూడా ఇంట్లో ఉండకుండా డ్యూటీ రాయించుకున్నాడు.