ఒక ల్యాప్‌టాప్, మూడు వాటాలు

ల్యాప్‌టాప్‌లో ఒకే ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకుని కాలం వెళ్లదీసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. బటన్ నొక్కుతారు, తెర వెలుగుతుంది, పని మొదలెడతారు. అంతే! ఇదీ ఒక బతుకేనా?

అదే మూడుంటే? బటన్ నొక్కగానే నల్లటి తెర మీద మూడు పేర్లు వరసగా నిలబడి మాలో ఎవరు కావాలో తేల్చమంటాయి. గబగబా తేల్చాలి. అటు తిరిగి మంచినీళ్లు తాగొచ్చామా, అదే తనకు నచ్చింది తెరిచేసుకుంటుంది. ఠక్కున నిర్ణయం తీసుకోవడం మన పిల్లలకు ఏ కాలేజీలో నేర్పుతున్నారు చెప్పండి?

లాభాలు ఇంకా ఉన్నాయి. విండోస్‌లోంచి లైనక్స్‌లోకి వెళ్తే గడియారం ఒక్కసారిగా ఐదున్నర గంటలు ముందుకు దూకుతుంది. పొద్దున ఇడ్లీ తింటూ తెర వైపు చూస్తే మధ్యాహ్నం దాటింది! ఇడ్లీతో పాటే భోజనం కూడా కానిచ్చేయొచ్చు. ఇక లైనక్స్‌లో పాట పెడితే బొమ్మ కదులుతుంది, సౌండు రాదు. పరీక్షలప్పుడు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఆలోచించండి!

అన్నింటికన్నా పెద్ద లాభం మాత్రం కుటుంబ న్యాయం. నమ్మకపోతే సత్తెనపల్లిలో యలమందయ్యగారి ఇంటి సంగతి వినండి.

కోల్డ్ స్టోరేజీలో దాచిన మిరపకాయలకు మంచి ధర పలికిందని ఆయన కూతురు హారికకు ల్యాప్‌టాప్ కొన్నారు. ఎంసీఏ ఆఖరి సంవత్సరం, ప్రాజెక్టు చెయ్యాలి మరి. ఏ రైతు మిరప బస్తా కోల్డ్ స్టోరేజీలో ఏ వరసలో ఉందో ఇట్టే చెప్పే ప్రోగ్రాం అది. కొన్న వారానికే అన్న లక్ష్మీకాంత్ అందులో లైనక్స్ ఎక్కించాలన్నాడు. తమ్ముడు కోటేష్ పాత విండోస్ లేకపోతే తన గేములు ఆడవన్నాడు. నెలల తరబడి ఇద్దరూ కొట్టుకున్నారు. మధ్యలో దొరికిన సందుల్లో హారిక తన పని చేసుకుంది.

ఒక శనివారం హారిక ప్రాజెక్టు రిపోర్టు గైడుగారికి చూపించడానికి గుంటూరు వెళ్లింది. సోమవారమే వైవా. ఇక్కడ ఇంట్లో అరుపులు వీధి చివరిదాకా వినిపించేసరికి యలమందయ్యగారు మంచం మీద నుంచి లేచారు.

"ఏందిరా మీ గోల? అది ఎంతుందసలు?"

"నూట ఇరవై జీబీ నాన్నా," అన్నాడు లక్ష్మీకాంత్.

"పంచుకు చావండి. పెద్దోడివి, నువ్వు ముక్కలు చెయ్యి. చిన్నోడు ముందు కోరుకుంటాడు. మాకూ ఒక ముక్క అట్టిపెట్టండి, రేపు మీరు మమ్మల్ని చూస్తారో చూడరో."

ఆ చుట్టుపక్కల అన్నదమ్ములు పొలం పంచుకునే పద్ధతే అది. పంచేవాడికి మిగిలిందే దక్కుతుంది కాబట్టి వేలెడు తేడా రానివ్వడు. లక్ష్మీకాంత్ మూడు ముక్కలు సమానంగా కోశాడు. కోటేష్ తెర మీదకు వంగి చేలో నిలబడ్డట్టే చూశాడు.

"నాకు ముందుది."

"ముందుదే ఎందుకురా?"

"డొంక దారి పక్క ముక్క ఎవడన్నా వదులుకుంటాడా?"

"అందులో ఏవో ఉన్నట్టున్నాయి, చూసుకో."

"నా వాటాలో ఏముంటే నీకేంది?"

కోరుకున్న ముక్కను చదును చేయడం మొదటి పని కదా! కోటేష్ ఫార్మాట్ కొట్టి పాత విండోస్ ఎక్కించాడు. రెండోదాంట్లో లక్ష్మీకాంత్ లైనక్స్ వేశాడు. తండ్రి ముక్క బీడు పెట్టడం ఇష్టంలేక అందులోనూ తనే ఇంకో రకం లైనక్స్ వేశాడు. పంపకం ఇంత సాఫీగా జరగడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు!

సాయంత్రం హారిక వచ్చి బటన్ నొక్కింది. మూడు పేర్లు కనపడ్డాయి. మూడూ తెరిచి చూసింది. గైడుగారు చెప్పిన మార్పులు ఇంకా వేళ్ల చివర ఉన్నాయి, వాటిని చేయాల్సిన ప్రోగ్రామే లేదు.

"ఒరేయ్ కోటీ, నా ప్రాజెక్టు ఏది?"

"నీ వాటాలో చూసుకో అక్కా."

"నా వాటా ఏదిరా?"

కోటేష్ అన్న వైపు చూశాడు. అన్న తండ్రి వైపు చూశాడు. తండ్రి ఫ్యాన్ వైపు చూశారు. ల్యాప్‌టాప్ ఎవరి కోసం కొన్నారో ఆ మనిషిని లెక్కలోకి తీసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది ముగ్గురికీ.

హారిక ఏడవలేదు. స్నేహితురాలు షహనాజ్ దగ్గర సీడీలో పాత కాపీ ఒకటుంటే తెప్పించింది. దసరా నాటిది, సగం కూడా లేదు. ఆదివారమంతా తను ప్రోగ్రాం రాస్తుంటే, ప్రతి పదిహేను నిమిషాలకోసారి కోటేష్ సేవ్ చేశావా అని గుర్తుచేయాలి, అది వాడికి శిక్ష. లక్ష్మీకాంతేమో లైనక్స్‌లో సౌండు ఎందుకు రాదో ఒక్క మాట మాట్లాడకూడదు, అది ఇంకా పెద్ద శిక్ష. యలమందయ్యగారు పక్కన కూర్చుని బస్తాలు ఏ అంతస్తులో ఎలా పేరుస్తారో చెప్పారు. సోమవారం వైవా గట్టెక్కింది. కోల్డ్ స్టోరేజీ గురించి అడిగిన ప్రశ్నలకు హారిక చెప్పిన జవాబులు విని పరీక్ష చేసినాయన, మీకు మిరప ఉందా అమ్మా అని కూడా అడిగాడట.

ఆ సంతోషంలో యలమందయ్యగారు మళ్లీ పంచాయితీ పెట్టారు. ఈసారి నాలుగు ముక్కలు. పంచింది హారికే. తన ముక్కకు పాస్‌వర్డ్ వేసుకుంది. నాలుగో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఎక్కింది. చూశారా మరి? సిస్టమ్‌లు పెరిగితే న్యాయం పెరుగుతుందని నేను ఊరికే అన్నానా?

అక్కడితో ఆగితే బాగుండేది.

"నాన్నా," అంది హారిక, ల్యాప్‌టాప్ మూస్తూ. "పొలం కూడా రేపు ఇట్లా నాలుగు ముక్కలేనా?"

"ముందు ఈ ల్యాప్‌టాప్ సంగతి తేలనీయమ్మా."

"తేలిందిగా," అన్నారు వంటింట్లోంచి హారిక తల్లి సుబ్బరావమ్మగారు. "అది అడిగినదానికి జవాబు చెప్పు."

యలమందయ్యగారు లేచి చెప్పులు వేసుకున్నారు. చేనుకు తడి పెట్టాలట, పొద్దుపోతోందట. మిరప కోతలు అయిపోయి, మొక్క కూడా పీకేసి నెల దాటింది. ఉత్త నేలకు తడి పెట్టడానికి ఆయన అంత వడివడిగా ఎందుకు వెళ్లారో నాకైతే అంతుపట్టలేదు. బహుశా ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎక్కిస్తే గానీ తిరిగి రారేమో!