ట్యూబులో మనిషి

ఆ సోమవారం సుదర్శన్‌కు రెండే పనులు. పరకాల పాత వరి జన్యుక్రమం రిపోర్టు గైడ్‌ కిషన్ రావుకు చూపించాలి. శనివారం హైదరాబాద్‌ ఉద్యోగానికి వెళ్లిపోతున్న అక్షరకు, పక్క బల్ల మీద మూడేళ్లుగా పనిచేస్తున్న అక్షరకు, ఒక మాట చెప్పాలి. ఆ మాటను అతను రోజూ పొద్దున్నే, ల్యాబులో ఎవరూ లేనప్పుడు, మూత తీసిన ట్యూబు ముందు కూర్చుని చెప్పి చూసుకునేవాడు.

రిపోర్టు తెరిచాడు. నమూనాలో వరి నలభై పాళ్లు, మనిషి అరవై.

ఆ మనిషెవరో అతనికి తెలుసు. అయినా ఆశ చావక, విత్తనాలిచ్చిన రైతు వెంకట్రాజంకు ఫోన్‌ చేసి, వడ్లలో మనిషి జాడ కనబడుతోందని చెప్పి, ఎవరైనా నోట్లో పెట్టుకున్నారా అని అడిగాడు.

మధ్యాహ్నానికల్లా వెంకట్రాజం ల్యాబు గుమ్మంలో ఉన్నాడు.

"సారూ, నా వడ్లల్ల మనిషున్నడంటివి. ఊరంత గదే ముచ్చట. మిల్లాయన ముట్టనంటాండు."

"అట్లేం కాదు పెద్దయ్యా..."

"మా నాయిన గా మడిలనే పానం ఇడిసిండు." ముసలాయన గొంతు తగ్గించాడు. "జర సూడుండ్రి. ఆయనేనా?"

ఆ కళ్లలోని ఆశకు సుదర్శన్‌ తట్టుకోలేకపోయాడు. అక్కడే ఉన్న కిషన్ రావు, అక్షరల ముందే ఒప్పుకున్నాడు.

"సార్‌, ఆ మనిషిని నేనే. రోజూ ట్యూబు ముంగట మాట్లాడుకుంటున్న. నోటి తుంపరలు పడ్డయి."

"ఎవరితోని?" అన్నాడు కిషన్ రావు.

సుదర్శన్‌ ట్యూబు మూత బిగించాడు. కిషన్ రావు రిపోర్టు పేజీలు తిప్పాడు.

"నువ్వు గాదయ్యా. వై క్రోమోజోమ్‌ జాడే లేదిండ్ల. ఇది ఆడమనిషి. నీ మాట ట్యూబు దాకా గూడ పోలె."

ఆ ల్యాబులో ఆడమనిషి ఒక్కతే.

"సాయంత్రం సుదర్శన్‌ పోయినంక..." అక్షర చేతి గ్లౌజు వేళ్లు ఒక్కొక్కటే లాగుతూ అంది, "ఆ బల్లకాడ నేను గూడ జరసేపు..."

"అయితే మా నాయిన గాదన్నట్టు," అన్నాడు వెంకట్రాజం, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ.

నమూనా దగ్గర ఎవరూ నోరు తెరవొద్దని ఆజ్ఞాపించి, మళ్లీ విత్తనాలు తెమ్మని కిషన్ రావు మర్నాడు సుదర్శన్‌నూ అక్షరనూ పరకాల పంపాడు. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో, మధ్యలో విత్తనాల డబ్బా పెట్టుకుని, వరంగల్‌ దాకా కూర్చున్నారు.

రెండో రిపోర్టు అక్షర వెళ్లిపోయాక వచ్చింది. వందకు వంద పాళ్లూ వరే.