పొగ మింగినవారికి సన్మానం

సముద్రం ఒడ్డుదాకా పరుచుకున్న ఒక పెద్ద అడవి ఉండేది. దానికి అధ్యక్షుడు ఎలుగుబంటి రోమయ్య. ఒడ్డున ఆయనకి ఇరవై బొగ్గు బట్టీలున్నాయి. అవి కక్కే పొగలో సగం చెట్లూ సముద్రమూ కలిసి మింగేసేవి. అందుకని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఈ ఏడు మాత్రం ఎండలు ముదిరాయి. అడవంతా దగ్గడం మొదలెట్టింది. నెమలి వచ్చి, "బట్టీలు ఆపించండి బాబూ" అని మొరపెట్టుకుంది.

"ఆపితే అభివృద్ధి ఏమైపోవాలి?" అన్నాడు రోమయ్య.

కార్యదర్శి నక్కయ్య గొంతు సవరించుకున్నాడు.

"తప్పు మనదేనండీ. చెట్లూ సముద్రమూ ఇన్నేళ్ళుగా పొగ మింగుతుంటే ఒక్కసారైనా శాలువా కప్పామా? సన్మానం చేద్దాం. హుషారొచ్చి ఇంకాస్త మింగుతాయి."

తీర్మానం చప్పట్లతో నెగ్గింది. సముద్రం తరఫున ముసలి తాబేలు కూర్మన్ననీ, చెట్ల తరఫున మడ అడవిలో కాపురముండే పీత కర్కటమ్మనీ పిలిచారు. ఒడ్డునే వేదిక కట్టారు. కలప కోసం అక్కడి మడచెట్లే కొట్టేశారు. విందుకి బొగ్గు చాలక మరో రెండు బట్టీలు వెలిగించారు.

సభలో రోమయ్య గంటసేపు పొగిడి, దగ్గి, మళ్ళీ పొగిడాడు. తర్వాత మైకు కూర్మన్నకిచ్చారు.

"శాలువా వద్దు నాయనా, అసలే ఉక్కగా ఉంది" అన్నాడు కూర్మన్న. "నీళ్ళు వేడెక్కాక మునుపటంత పొగ ఇమడటం లేదు. మింగినదానికే నీళ్ళ గుణం మారి, మా గవ్వపిల్లల పెంకులు పలచబడిపోతున్నాయి."

నక్కయ్య పీతవైపు తిరిగాడు. "మరి మీ చెట్లు ఇంకాస్త మింగగలవా, కర్కటమ్మగారూ?"

"కాస్త లేవండి, అడిగి చెబుతాను" అంది కర్కటమ్మ. "మీరు కూర్చున్న బల్ల మా చెట్టే."

అంతలో పోటు వచ్చింది. ఇదివరకైతే మడచెట్లు అడ్డుకునేవి. ఇప్పుడు అల తిన్నగా వచ్చి, బట్టీలన్నీ ఆర్పేసి, రోమయ్యని కుర్చీతో సహా ఎత్తుకుపోయింది. కూర్మన్న ఈదుకుంటూ వెళ్ళి, ఆయన్ని వీపుమీద మోసుకొచ్చి ఒడ్డున దించాడు.

మూడు రోజుల్లో పొగ విడిపోయి అడవంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. కర్కటమ్మ తడిసిన బట్టీ గుంతల్లో మడవిత్తనాలు నాటించింది. నీళ్ళంటే హడలిపోయిన రోమయ్య, ఇక బట్టీలు వెలిగించనని ప్రకటించాడు.

నక్కయ్య కళ్ళొత్తుకుంటూ లేచాడు. "ఇంత త్యాగం చేసినవారికి అధ్యక్ష పదవి జీవితాంతం ఉండాలి" అన్నాడు. అదీ చప్పట్లతో నెగ్గింది.

నీతి: పొగ మింగినవాళ్ళకి దక్కేది పొగడ్త, పొగ పెట్టి మానినవాళ్ళకి దక్కేది పదవి.