ఖాళీ జాగా లేని చేను

"మొక్కకూ మొక్కకూ మధ్య వదిలే ఖాళీ జాగా దేశద్రోహం!" అని వ్యవసాయాధికారి శేషావతారం గారు గూడూరు బస్టాండు దగ్గర మైకులో ప్రకటించగానే, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఎరువుల దుకాణం ప్రతాపరెడ్డి. ఖాళీ తగ్గితే విత్తనం బస్తాలు పెరుగుతాయి. విత్తనం పెరిగితే యూరియా పెరుగుతుంది. ప్రతాపరెడ్డికి దేశభక్తి బస్తాల్లో చెబితేనే తొందరగా అర్థమయ్యేది.

అధికారి గారి మహత్తర పరిశోధన కిందటి శ్రావణంలోనే ముగిసింది. లంబాడీ తండాలో తీజు పండుగకు ముఖ్య అతిథిగా వెళ్లారు. పెళ్లికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో ఎరువు మన్ను పోసి, గోధుమలు ఒత్తుగా చల్లి, రోజూ నీళ్లు పోసి పెంచిన మొలకలు పచ్చగా, గుబురుగా లేచి ఉన్నాయి. బుట్టలోనే ఇంత పెరిగితే ఎకరంలో ఎంత పెరగాలి! పులకించిపోయారు. పండుగ చివర ఆ మొలకలను ఏం చేస్తారో అడిగే తీరిక లేక జీపెక్కేశారు.

ఈ ఏడు మంత్రి గారికి చూపించడానికి సోయాబీన్ మాదిరి చేను కావలసివచ్చింది. తండా రెడ్యాకు రోడ్డు పక్కనే వాన మీద పండే చెలక ఉంది. ఉన్నది అదొక్కటే. ఏటా అందులో జొన్న పండితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. దేశం కోసం ఆ జొన్న తప్పుకుంది.

విత్తనం కోసం దుకాణానికి వచ్చిన రెడ్యా తల గోక్కున్నాడు.

"పటేలా, గింత ఒత్తుగ ఏస్తే కాయ పడ్తదా?"

సాలుకూ సాలుకూ మధ్య మూరెడు ఎడం ఉండాలనీ, యూరియా ఎక్కువైతే ఆకే తప్ప కాయ ఉండదనీ ప్రతాపరెడ్డికి తెలుసు. కాని తెలిసినదాన్ని ఉత్తపుణ్యానికి ఇచ్చే ఆచారం ఆ దుకాణంలో లేదు.

"సర్కారు ఏపిస్తుంటే కాయెందుకు పడదురా? ఇంకిన్ని యూరియా బస్తాలు ఏస్కపో."

చేను లేచింది. నడుము దాటింది. అందులోకి గాలి దూరలేదు, ఎండ దూరలేదు, చివరికి పువ్వు కూడా దూరలేదు. ఒక వానకు మొత్తం పడుకుంటే శేషావతారం గారు వెదురు కర్రలు పాతించి, సుతిలి తాడు కట్టించి లేపి నిలబెట్టారు.

రెడ్యా భార్య సోని ఆకులు విడదీసి చూసింది. "సారూ, కాయేది?"

"కాయ సెకండ్ ఫేజమ్మా. ఫస్ట్ ఫేజులో గ్రోత్ చూడాలి."

"మరి తిండి ఏ ఫేజుల ఒస్తది సారూ?"

ఆ ప్రశ్నను పై ఆఫీసుకు పంపుతామని ఆయన హామీ ఇచ్చారు.

మంత్రి గారు వచ్చారు. కర్రలు కనపడని వైపు నుంచి ఫొటో తీశారు. రెడ్యాకు ఉత్తమ రైతని శాలువా కప్పారు. సోని ముందుకొచ్చింది.

"సారూ, పండుగైనంక తీజు మొలకలను ఏడ్చుకుంట నీళ్లల్ల కలుపుతం. మరి దీన్నెప్పుడు కలపాలె?"

"కల్చరల్ ప్రోగ్రాం కూడా ఉందా? వెరీ గుడ్!" అన్నారు మంత్రి గారు.

వచ్చే ఏటి యూరియా ఆర్డరు కళ్ల ముందు కదులుతుండగా ప్రతాపరెడ్డి మైకు అందుకున్నాడు. "ఇసొంటి పంట నా జిందగీల చూడలె! తాలూకా అంత గిట్లనే ఏపియ్యాలె సార్!"

"శభాష్! మీకు భూమి ఉందా?" అన్నారు మంత్రి గారు.

"ఎందుకు లేదు సార్? నల్లరేగడి. బంగారమసొంటి భూమి!"

"అయితే వచ్చే ఏడు మాదిరి చేను మీదే!"

చప్పట్లు మోగాయి. ప్రతాపరెడ్డి చేతులు మాత్రం కలవలేదు.

"సార్... సాలుకు మూరెడు ఎడం..." అని అధికారి గారి చెవిలో గొణిగాడు.

"మెల్లగా అనండి, దేశద్రోహమవుతుంది" అన్నారు శేషావతారం గారు పేరు రాసుకుంటూ.

జీపులు వెళ్లిపోయాయి. రెడ్యా శాలువా నేల మీద పరిచి, ఎడ్ల కోసం సోయా ఆకు కోసి అందులో మూట కట్టుకుంటున్నాడు. ప్రతాపరెడ్డి అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అరే రెడ్యా, నిజం చెప్పు. ఒక్క కాయన్న పడ్డదారా?"

రెడ్యా మూట ముడి బిగించి తలకెత్తుకున్నాడు.

"సర్కారు ఏపిస్తుంటే కాయెందుకు పడదు, పటేలా?"