గరుకు పనికి జేజేలు

లోపమున్నవాడు సిగ్గుపడాలని మొదట చెప్పినవాడెవడో గానీ, వాడికి గరుకు పని తెలియదు! జురా కొండల్లోని మా ఊళ్ళో పొగాకు పైపులు చెక్కని ఇల్లు లేదు కాబట్టి అధికారంతోనే చెబుతున్నాను. చక్రం తర్వాత మనిషి కనిపెట్టినవాటిలో గొప్పది ఇదే.

ఈ పైపును బ్రయర్ అనే పొద వేరుదుంపలోంచి చెక్కుతారు. దుంప పైకి పెద్దమనిషిలాగే ఉంటుంది. ఉప్పు కాగితంతో రుద్దేకొద్దీ లోపలి గుంట బయటపడుతుంది. అది పోవాలని ఇంకా రుద్దితే పైపు పోయి ఈల మిగులుతుంది. అందుకే తెలివైనవాళ్ళు ఉలి తీసుకుని, పొగాకు కూరే గిన్నె చుట్టూ చెట్టు బెరడులా గరుకుగా గీకేస్తారు. వంద గుంటల్లో అసలు గుంట ఏదో ఎవడు పట్టుకుంటాడు? పైగా దానికి శైలి అని పేరు!

లోకమంతా నడిచేది దీనిమీదే కదా? మా రొట్టెల కొట్టాయన మాడిన రొట్టెకు 'కొండవాటు కాల్పు' అని పేరు పెట్టి రెండు యూరోలు ఎక్కువ తీసుకుంటున్నాడు. చర్చిలో పాడే ఆయన శ్రుతి తప్పినప్పుడల్లా కళ్ళు మూసుకుంటాడు. భక్తి అనుకుని జనమూ మూసుకుంటారు.

ఈ కళలో మా ఆన్సెల్మ్ బ్యుఫార్‌ను మించినవాడు లేడు. బస్సు డ్రైవరుగా రిటైరై తొమ్మిదేళ్ళుగా సరదాకి పైపులు చెక్కుతున్నాడు. నెలకో ఆదివారం కెఫేలో మా పైపుల సంఘం చేరుతుంది. అక్కడ లియోనీ గారుంటారు. ఎనభై రెండేళ్ళావిడ, ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పైపులకు మెరుగుపెట్టిన చెయ్యి. పైపు పుచ్చుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో తడుముతుంది.

"ఏం నాయనా, ఈసారి ఎక్కడ దాచావ్?"

"దాచడమేంటండీ, అది నా శైలి. నున్నటి పైపుదేముంది, బట్టతల. చేతిపనంటూ కనబడాలి కదా."

"ఇక్కడ," అంటుంది ఆవిడ, సరిగ్గా గుంట మీద గోరుపెట్టి.

ఒక్కసారి ఆవిడ చేత "బాగుంది" అనిపించుకోవాలి. ఆన్సెల్మ్‌కు జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే.

మొన్న మార్చిలో అతనికో దుంప దొరికింది. మూడు రోజులు రుద్దాడు. గుంట లేదు. చెక్క చారలు అడుగునుంచి అంచుదాకా దువ్విన జుట్టులా నిలబడ్డాయి.

"మార్సెలిన్, ఇటు రా. దీనికి గుంట లేదు," అని భార్యను పిలిచాడు.

"సంతోషం. సూప్ చల్లారిపోతోంది, రావయ్యా."

"ఎక్కడో ఉండే ఉంటుంది."

"లేదని నువ్వేగా అన్నావు."

"నాకు దొరకలేదన్నాను. ఆవిడ వేలికి దొరకదూ?"

నిజమే కదా! నున్నటి పైపులో గుంట దొరికితే శైలి అని బొంకడానికి కూడా వీల్లేదు. శనివారం మధ్యాహ్నం ఆన్సెల్మ్ ఉలి తీశాడు. ముందుజాగ్రత్త అంటే అదీ!

ఆదివారం లియోనీ గారి వేలు గిన్నె చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఆవిడ కళ్ళు తెరిచి పైపును తిరగేసింది. ఎంత గరుకు పైపుకైనా అడుగున పేరు ముద్ర కోసం గోరంత జాగా నున్నగా వదులుతారు. కళ్ళజోడు పెట్టుకుని అక్కడి చారలు చూసింది.

"దీంట్లో గుంట లేదు," అంది.

"లేదండీ," అన్నాడు ఆన్సెల్మ్, గర్వంగా.

"ఇలాంటి దుంపలు నా నలభై ఏళ్ళలో పది చూసుంటాను. మరెందుకు గీకావు నాయనా?"

తొమ్మిదేళ్ళుగా ఆన్సెల్మ్ సిద్ధం చేసుకున్న జవాబులన్నీ గుంటల గురించే. లియోనీ గారు పైపును అతని చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఎప్పుడూ నవ్వే మేమెవరమూ ఆ రోజు నవ్వలేదు.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. గరుకు పని వరమే. ఏ లోపాన్నయినా కప్పుతుంది. లోపం లేనిచోట చేసిన గరుకును కప్పే పని మాత్రం మా ఊళ్ళో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఆన్సెల్మ్ ఇప్పుడు కొత్త పైపులు చెక్కడం లేదు. కెఫేలో కూర్చుని, ఆ పైపు అడుగున మిగిలిన గోరంత నున్నటి జాగాను బొటనవేలితో నిమురుతూ ఉంటాడు.