ఊరుమ్మడి ముక్కు

గట్టుకొట్టాల గ్రామస్థులకు తెలియజేయడమేమనగా, మన ఊరి రామాంజి ముక్కు శ్రావణమాసం తర్వాత నిటారుగా మారే ప్రమాదం ఉన్నందున, బోరు పాయింటు పెట్టించుకోవలసిన రైతులు ఆలోపే ముక్కును తమ పొలాలకు తీసుకుపోయి చూపించుకోవలెను. తర్వాత వచ్చి అడిగితే గ్రామ పెద్దలు బాధ్యులు కారు.

ఈ ప్రకటన ఊరి వాట్సాప్ గ్రూపులో పొద్దున ఏడు గంటలకు వచ్చింది. ఏడుంబావుకల్లా రామాంజి ఇంటి ముందు పద్నాలుగు మోటారు సైకిళ్లు నిలబడ్డాయి. రామాంజి అప్పటికింకా ముఖం కడుక్కోలేదు. కడుక్కోనక్కర లేదని, ముక్కు ఒక్కటి వస్తే చాలని రైతులు పెద్ద మనసుతో చెప్పారు.

కర్నూలు జిల్లా పడమటి సీమలో వంకర ముక్కులకు కొదవ లేదు. కానీ ఇంత గౌరవం పొందిన ముక్కు మరొకటి లేదు. అది పుట్టుకతో వచ్చిన వంకర కాదు. రామాంజికి ఐదేళ్లప్పుడు, ఎద్దుకు గడ్డి వేయబోతే, అది ఈగను తోలుకోవడానికి తల విదిలించింది. ఈగ తప్పించుకుంది. ముక్కు తప్పించుకోలేదు. అప్పటినుంచి అది ఎడమవైపుకు ఒరిగి, ఎవరో పక్కనుంచి పిలిస్తే వింటున్నట్టు ఉండేది. పెళ్లిచూపుల్లో శివజ్యోతి తల వంచుకునే కూర్చుంది కాబట్టి ముక్కు ప్రస్తావన రాలేదు.

ఎనిమిదేళ్ల కిందట బొజ్జన్న పొలంలో ఆ ముక్కుకు దశ తిరిగింది. కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని పొలమంతా తిరిగి, కాయ నిలబడిన చోట నీళ్లున్నాయని చెప్పే పెద్దమనిషి మూడుచోట్ల గుర్తు పెట్టాడు. మూడింటిలోనూ రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. బొజ్జన్న నెత్తిన తుండుగుడ్డ వేసుకుని గట్టుమీద కూలబడ్డాడు.

"ఇంగ యాడ ఎయ్యల్లప్పా?" అన్నాడు బోరుబండి డ్రైవరు.

ఆ సమయానికి రామాంజి బోరు కూలీలకు అన్నం క్యారియరు తెచ్చి నిలబడి ఉన్నాడు. డ్రైవరు అతన్ని ఎగాదిగా చూసి, "ఈయప్ప ముక్కు ఆ రేగిచెట్టు పక్క సూపిస్తాంది. ఆడ ఏద్దాం పా" అన్నాడు. నవ్వులాటకన్న మాట. వేశారు. మూడువందల అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మి అందరినీ తడిపాయి. బొజ్జన్న ఏడ్చి, రామాంజి కాళ్లకు కాక నేరుగా ముక్కుకే దండం పెట్టాడు.

తర్వాత దానికొక పద్ధతి ఏర్పడింది. ముక్కుకు పసుపు రాయడం, రామాంజిని పొలం నడుమ తూర్పు ముఖంగా నిలబెట్టడం, ముక్కు వాలిన దిక్కుకు సున్నంతో గీత గీయడం. రామాంజి ఎటు తిరిగితే ముక్కూ అటే తిరుగుతుంది కదా అని కొత్తగా వచ్చిన సైన్సు టీచరమ్మ ఒకసారి అడిగింది. ఆమె మూడు నెలలకే బదిలీ చేయించుకుపోయింది. పది బోర్లు వేస్తే ఒకదానిలో నీళ్లు పడేవి. ఆ ఒక్కటి ముక్కు మహిమ. తక్కిన తొమ్మిదీ రామాంజి నిలబడిన తీరులో లోపం. ప్రతిఫలంగా ఒక టవలు, ఒక కొబ్బరికాయ ఇచ్చేవారు. రామాంజి ఇంట్లో తుడుచుకోవడానికి చెమట చాలనన్ని టవళ్లు పోగుపడ్డాయి.

అంతటి ముక్కుకు వాసన తెలియదు. ఈ సంగతి ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. నీళ్లకు వాసన ఉండదు కాబట్టి అది లోపంగా లెక్కకు రాలేదు. రామాంజి కూడా పట్టించుకోలేదు. మల్లెపూలు బాగున్నాయనీ, పెసరపప్పు మాడిందనీ జనం అంటుంటే, అదంతా మర్యాదకు అనే మాటలనుకునేవాడు.

మాఘమాసంలో అతని తల్లి హనుమంతమ్మ పోయింది. పెద్దకర్మ అయిన మూడు నాలుగు నెలలకు శివజ్యోతి ట్రంకుపెట్టె సర్దుతూ అత్త కట్టుకున్న ఆకుపచ్చ అంచు చీర తీసి, ముఖం దగ్గర పెట్టుకుని, కాసేపు అట్లాగే ఉండిపోయింది.

"అత్త వాసన ఇంకా ఉండాది సూడు. సన్నగా" అంది.

రామాంజి చీర అందుకుని ముఖానికి ఆనించుకున్నాడు. గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. మెత్తగా ఉంది. అంతే. చీరను ఉన్న మడతల మీదే మడిచి పెట్టెలో పెట్టాడు. ఆ పూట అన్నం వద్దన్నాడు.

మరునాడు మొగుడూ పెళ్లాం కర్నూలు బస్సెక్కారు. ముక్కు డాక్టరమ్మ యామిని లైటు వేసి లోపలికి చూసి, ముక్కు దూలం ఒకపక్కకు వంగిపోయిందనీ, రెండో పక్క కండ పెరిగిందనీ, వాసన పైకి పోయే దారే లేదనీ చెప్పింది. ఆపరేషన్ చేసి దూలం సరిచేస్తే ముక్కు నిటారుగా వస్తుంది, వాసన కూడా తెలియవచ్చు, గట్టిగా మాట ఇవ్వలేను అంది.

"చీరలో వాసన ఎన్ని దినాలు నిలుస్తాది మేడమ్?" అని అడిగింది శివజ్యోతి.

డాక్టరమ్మ ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ చదవలేదు. రామాంజి ముఖం చూసి, "తొందరగా రండి" అని మాత్రం అంది.

తొందరగా పోవడానికి రామాంజి సిద్ధమే. ఊరు సిద్ధంగా లేదు. వార్త తెలిసిన సాయంత్రమే పంచాయతీ ఆఫీసు ముందు సభ జరిగింది. మాజీ సర్పంచి శివన్న అధ్యక్షత వహించాడు. మళ్లీ సర్పంచి కాదలచుకున్నవాడు కాబట్టి ఆయన ఏ సభకైనా అధ్యక్షత వహించేవాడు. చిటికెడు ముక్కుపొడి పీల్చి, పంచె అంచుతో ముక్కు తుడుచుకుని లేచాడు.

"భగవంతుడు కోట్లమందికి నిటారు ముక్కులు ఇచ్చినాడు. వాళ్లల్లో ఒక్కనికన్నా నీళ్లు కనపడినాయా? వంకర ముక్కు మనకే ఎందుకిచ్చినాడు? వానలు ఇయ్యలేదు గాబట్టి. రామాంజీ, ముక్కు నీదే అనుకో. వంకర మాత్రం ఊరిది. ఊరుమ్మడి ఆస్తిని ఒక మనిషి ఒంటిగా సాపు చేయించుకుంటే న్యాయమా?"

చప్పట్లు మోగాయి. రామాంజి లేచి నిలబడ్డాడు.

"మాయమ్మ చీర వాసన సూడల్లప్పా. అంతకంటే ఏం లేదు" అన్నాడు.

సభ కాసేపు నిశ్శబ్దంగా ఉంది. అక్కడున్న వాళ్లందరికీ అమ్మలున్నారు, లేదా ఉండేవాళ్లు. ఆ నిశ్శబ్దం ఎక్కువసేపు ఉంటే మంచితనానికి దారితీసే ప్రమాదముందని గ్రహించి బొజ్జన్న అడ్డుపడ్డాడు.

"వాసన నిజంగా ఉండాదో లేదో ఎవురు సూసినారు? లేని వాసనకు ఊరి నీళ్లు పోగొట్టుకుందామా ఏంది? ముందు సూడండప్పా."

మాట సబబుగా తోచింది. తొమ్మిదిమంది పెద్దలతో వాసన నిర్ధారణ సంఘం ఏర్పడి, మరునాడే రామాంజి ఇంటికి తరలివచ్చింది. శివజ్యోతి పెట్టె తాళం కొంగున ముడివేసుకుని గడపలో నిలబడింది.

"నేను సూసి సెప్తాండా గదా మామా. ఉండాది" అంది శివన్నతో.

"నువ్వు ఇంటి మనిషివి తల్లీ. నీ సాక్ష్యం సెల్లదు" అన్నాడు శివన్న.

సంఘం తన పని అంకితభావంతో చేసింది. శివన్న పెద్దవాడు కాబట్టి మొదట చీర అందుకుని, ముఖమంతా దానిలో దాచుకుని పీల్చి, రెండుసార్లు తుమ్మి, ఆ చీరతోనే తుడుచుకున్నాడు. బొజ్జన్న బీడీ ఆర్పేసి వచ్చాడు. మూడో ఆయన గొర్రెల దొడ్డి నుంచి నేరుగా వచ్చాడు. నాలుగో ఆయన తలకు ఆముదం పట్టించుకుని ఉన్నాడు. ఒకాయనకు జలుబు. ఏమీ తెలియడం లేదని తక్కినవారికంటే రెట్టింపు సేపు చీరను పట్టుకున్నాడు. చీర చేతులు మారుతుంటే శివజ్యోతి చూపు దాని వెంటే పోయింది. "సాలీండప్పా, సూసింది" అని ఒకటికి రెండుసార్లు అంది. అందరూ సూడల్ల గదమ్మా అన్నారు.

సంఘం నివేదిక అక్కడికక్కడే వెలువడింది. చీరలో వాసన ఉన్నది. బలంగా ఉన్నది. పరిశీలన మొదలైనప్పటికంటే ముగిసేసరికి మరింత బలపడినట్లు సభ్యులు ఏకగ్రీవంగా గుర్తించారు.

న్యాయానికి కట్టుబడిన ఊరు కనుక ఆపరేషన్‌కు అనుమతి దొరికింది. షరతు ఒకటే. అందరి పొలాలకూ ముక్కు చివరిసారి వచ్చిపోవాలి. అందుకే ఆ వాట్సాప్ ప్రకటన.

తర్వాతి రెండు నెలలు గట్టుకొట్టాల చరిత్రలో నిలిచిపోదగినవి. బోరుబండ్లు పక్క తాలూకాల నుంచి వచ్చి వరుస కట్టాయి. నీళ్లున్న బోరు పక్కనే ఇంకొకటి వేశారు, ముక్కు మళ్లీ దొరకదని. పొలం లేని భీమమ్మ కూడా ఇంటి పెరట్లో పాయింటు పెట్టించుకుంది, ఎప్పటికైనా పనికొస్తుందని. బోరుబండి యజమాని రామాంజికి కృతజ్ఞతగా ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టించాడు. అచ్చువేసినవాడు అలవాటు కొద్దీ కంప్యూటర్లో ముక్కును నిటారుగా దిద్దాడు. ఊరు మండిపడింది. వాడు భయపడి మళ్లీ వంచి ఇచ్చాడు, కుడివైపుకు. ఇద్దరు రైతులు ఆ ఫ్లెక్సీని చూసి కుడివైపున బోరు వేయించారు. ఒకరికి నీళ్లు పడ్డాయి.

భాద్రపదంలో ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పాక రామాంజి ఊరికి వస్తే, బస్సు దిగిన మనిషి ఎవరో ఎవరికీ అంతుపట్టలేదు. కుక్కలు గుర్తుపట్టాయి. ముఖం నడుమ నిటారుగా, దేనినీ చూపించకుండా, ముక్కు తన పని తాను చూసుకుంటున్నట్టు ఉంది. ఇక అతన్ని ఎవరూ పొలానికి పిలవలేదు. ఆ తర్వాత వేసిన బోర్లలో కూడా పదింటికి ఒకదానిలో నీళ్లు పడ్డాయి. కానీ తొమ్మిది ఎండిపోవడానికి కారణం ఇప్పుడు ఊరందరికీ తెలుసు.

వాసన వెంటనే రాలేదు. నెల గడిచాక ఒక పొద్దున రామాంజి వంటింటి గడప దగ్గర ఆగి, ముఖం చిట్లించి, వరుసగా తుమ్మాడు.

"ఏమ్మే, ఏందిది?"

"తాలింపు."

"ఇన్నేండ్లూ ఇదేనా ఏస్తాండింది?"

"ఇదే" అని శివజ్యోతి నవ్వింది. నవ్వుతూనే, తర్వాత అతను ఏమడుగుతాడో తెలిసి, పొయ్యి వైపు తిరిగింది.

అతను చెయ్యి చాపాడు. ఆమె కొంగు ముడి విప్పి తాళం ఇచ్చింది. సంఘం వచ్చిపోయినప్పటి నుంచి ఆమె చాలాసార్లు చీర తీసి చూసుకుంది. అందులో ఎవరెవరు ఉన్నారో, ఎవరు లేరో ఆమెకు తెలుసు.

రామాంజి పెట్టె ముందు కూర్చుని చీరను రెండు చేతులా ఎత్తి ముఖానికి ఆనించుకున్నాడు. చాలాసేపు తీయలేదు. తీసేసరికి కళ్లు తడిసి ఉన్నాయి.

"శానా ఘాటుగా ఉండాది. మాయమ్మ మాట మాదిరే" అన్నాడు.

శివజ్యోతి పెట్టెలో తక్కిన బట్టలు సర్దింది.

"సన్నగా ఉండాది అంటివే నువ్వు?"

"పెట్టెలో మూసిపెట్టినాం గదా. ముదిరిండాది" అంది ఆమె. కొంచెం ఆగి, "అత్త అట్లే ఉంటాండె" అంది.

రామాంజి ఆ రోజు రెండు పూటలా కడుపునిండా తిన్నాడు.

వారం తర్వాత రచ్చకట్ట మీద శివన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. ముక్కుపొడి డబ్బీ తీశాడు. వేరుశనగ ధర గురించి ఏదో చెబుతున్న రామాంజి మాట నడుమలోనే ఆగిపోయాడు. శివన్న వైపు తిరిగి చూశాడు. మెల్లగా దగ్గరికి జరిగాడు. మరునాడు శివన్న ఎక్కడ కూర్చుంటే అక్కడికి తనే పోయి కూర్చున్నాడు. ఊరికే పక్కన ఉండేవాడు. ఆయన తుమ్మితే ఇతని ముఖం వెలిగేది.

ఊరు దీన్ని తన పద్ధతిలో అర్థం చేసుకుంది. రామాంజి తప్పు తెలుసుకున్నాడని, శివన్న పార్టీలో కలిశాడని అనుకున్నారు. శివన్నకు కూడా అనుమానం కలగలేదు. "ముక్కు సక్కగయితే బుద్ధీ సక్కగయితాది. రామాంజిని సూసి నేర్చుకోండి" అని ఎన్నికల సభలో చెప్పాడు. శివజ్యోతి ఒక్కతే, ఆయన తమ ఇంటి ముందునుంచి పోతుంటే పిలిచి చెంబెడు మజ్జిగ ఇచ్చి, "కూచోని పో మామా, తొందరేముండాది" అనేది.

శివన్న గెలిచాడు. ఆయనకు ఓటు వేసిన ఆరువందల ముప్పైమందిలో ఎవరిని అడిగినా ఒక కారణం చెప్పారు. మనవాడని కొందరు, వాళ్లవాడు రాకూడదని కొందరు, అందరూ వేస్తున్నారని తక్కినవాళ్లు. రామాంజిని ఎవరూ అడగలేదు. మీరు పోయినసారి ఎవరికి, ఎందుకు వేశారో ఇక్కడ అడగడం మర్యాద కాదు. ఆ కారణం రామాంజి కారణంకంటే మంచిదైన పక్షంలో మాత్రం దయచేసి తెలియజేయగలరు.